కిసుము దగ్గర ఒక పల్లెకు సాయం చేద్దామనుకుంటున్నాం: బడి గదులా, బోరా, ఇంకేమైనానా?

కిసుములో తెలుగోడు:
అందరికీ నమస్కారం. నేను కెన్యాలో, కిసుము దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో పని చేస్తాను. చుట్టుపక్కల మిల్లుల్లో ఉన్న తెలుగు కుటుంబాలం ఉగాదికీ దీపావళికీ కలుస్తుంటాం. ఏటా కొంత చొప్పున పోగేసి సియాయా కౌంటీలో ఒక పల్లెకు ఏదైనా చేద్దామని ఈసారి మాట వచ్చింది. మా దగ్గర ఫిట్టర్‌గా చేసే ఒకాయనది ఆ ఊరు. ఆయనతో వెళ్లి చూసి వచ్చాం.

ఎర్రమట్టి దారి, మొక్కజొన్న చేలు, రేకుల ఇళ్లు, మధ్యలో ఇంకా కొన్ని గడ్డి కప్పులు. చాలా ఇళ్లల్లో పెద్దదిక్కు నాయనమ్మే. ఎయిడ్స్ కాలంలో నడివయసు వాళ్లు పోతే మనవళ్లను ముసలివాళ్లే పెంచుకొచ్చారు. బడి ఉంది, రెండు తరగతులు చెట్టు కింద నడుస్తున్నాయి. నీళ్లకు ఒక ఊట ఉంది. చేతి పంపు కూడా ఉంది గానీ పని చేయట్లేదు. డిస్పెన్సరీకి వెళ్లాలంటే పక్క ఊరు దాటాలి.

మాలో సగం మంది బడి గదులు కట్టిద్దాం, మన సంఘం పేరుతో బోర్డు ఉంటుంది అంటున్నారు. మిగతా సగం బోరు అంటున్నారు. ఆఫ్రికాలో ఉన్నవాళ్లు, ఎన్జీవోల్లో చేసినవాళ్లు కాస్త చెప్పండి.

పుల్లవిరుపు:
ఆదిలాబాద్‌లో లేరా పేదలు, అరకులో లేరా? కిసుము దాకా ఎందుకు? తప్పుగా అనుకోకండి, ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్నే కదా.

కిసుములో తెలుగోడు:
అడగడంలో తప్పేం లేదన్నా. మేం తినేది ఇక్కడి అన్నం. మా మిల్లుకు చెరకు కోసి పెట్టేది ఈ పల్లెల వాళ్లే.

అనంతపురం అబ్బాయి:
విరుపు గారూ, ఇదే మాట స్పెయిన్ వాళ్లు అనుకుని ఉంటే మా జిల్లా సంగతి ఏమయ్యేది? 1969లో స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) నడిచింది చాలావరకు అక్కడి మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన డబ్బుతోనే. మా అక్కకు కూడా స్పెయిన్‌లో ఒక స్పాన్సర్ ఉండేవారు. ఏడాదికోసారి ఉత్తరం రాయాలి, ఒక బొమ్మ గీసి పంపాలి. ఆమె ఎప్పుడూ కొబ్బరిచెట్టే గీసేది, మా ఊళ్లో ఒక్క కొబ్బరిచెట్టు లేకపోయినా.

తీసుకున్న వైపు నుంచి ఒక మాట చెప్తాను. ఆ డబ్బు అక్క చేతికి రాలేదు, ఊరికి వచ్చింది: ట్యూషన్ బడి, ఇళ్లు, చెక్ డ్యాములు. బత్తలపల్లి ఆసుపత్రి కూడా అలాంటి డబ్బుదే. పని చేసేవాళ్లలో ఎక్కువ మంది మా జిల్లా వాళ్లే. అన్నిటికన్నా ముఖ్యంగా వాళ్లు వెళ్లిపోలేదు. ఒక కరువు చూసి, ఫోటోలు తీసుకుని, ఇంకో దేశానికి పోయిన సంస్థల పేర్లు మా ఊళ్లో ఎవరికీ గుర్తులేవు.

కాబట్టి కిసుము అన్నా, మీరు అక్కడ ఎన్నేళ్లు ఉంటారు? గదులా బోరా అనేది ఆ తర్వాతి సంగతి.

కిసుములో తెలుగోడు:
నిజం చెప్పాలంటే మా కాంట్రాక్టులు రెండేళ్లకోసారి రెన్యువల్. కొందరం చాలా ఏళ్లుగా ఉన్నాం, కొందరు వచ్చిపోతుంటారు.

లెక్కల మాష్టారు:
మీరు చెప్పిన సియాయా కౌంటీ అభివృద్ధి లెక్కలు చదివేవాళ్లకు బాగా తెలిసిన చోటు. మిలీనియం విలేజెస్ ప్రాజెక్టులో మొదటి ఊరు సౌరీ ఆ కౌంటీదే. ఆర్థికవేత్త జెఫ్రీ శాక్స్ ఆధ్వర్యంలో 2004లో అక్కడ మొదలై, తర్వాత పది ఆఫ్రికా దేశాలకు వెళ్లింది. ఆలోచన సూటిగానే ఉంటుంది. ఎరువు, విత్తనం, దోమతెర, బడి భోజనం, క్లినిక్, నీళ్లు, రోడ్డు అన్నీ ఒకేసారి ఇస్తే పేదరికపు గుంటలోంచి ఊరు ఒక్క ఊపున బయటపడుతుందని. మనిషికి ఏడాదికి సుమారు 120 డాలర్ల లెక్క వేశారు.

2015లో ముగిసింది. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన తుది అంచనా ప్రకారం చూసిన 40 అంశాల్లో 30 చోట్ల మంచి ఫలితమే కనిపించింది, ముఖ్యంగా వ్యవసాయంలో, ఆరోగ్యంలో. కానీ పెట్టుకున్న లక్ష్యాల్లో చేరుకున్నవి మూడో వంతే. ఇళ్లల్లో వస్తువులు, ఆస్తులు పెరిగాయి గానీ ఖర్చు పెట్టే స్తోమతతో కొలిచే పేదరికంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పోల్చడానికి సరైన ఊళ్లను మొదట్లోనే ఎంచుకోలేదని విమర్శ ముందునుంచీ ఉంది. 2012లో పిల్లల మరణాల మీద వాళ్లు ప్రకటించిన ఒక పెద్ద అంకెను విమర్శలొచ్చాక వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది కూడా.

అంత డబ్బు, అంతమంది నిపుణులు ఉన్నచోటే ఇంత తకరారు అయింది. మీది పండగ చందా. అన్నీ చేయాలని చూడొద్దు.

టాంజానియా బాబాయ్:
మాష్టారూ, ఆ ప్రాజెక్టులోదే ఉగాండా రుహీరా ఊరి ముచ్చట కూడా చెప్పాల్సింది. మటోకె, అంటే కూరఅరటి, తినే జనం చేత మొక్కజొన్న వేయించారు. పంట విరగపండింది. తినే అలవాటు వాళ్లకు లేదు, కొనే షావుకారు ఊళ్లోకి రాలేదు.

తమ్ముడూ, నేను దార్ ఎస్ సలాంలో, మ్వాంజాలో చాలాకాలంగా ఉన్నాను. మా దారిలో ఒక పల్లె మొదట్లో మూడు దేశాల జెండాలతో మూడు బోర్డులు ఉంటాయి. మూడూ నీటి పథకాలే. ఆ ఊరి ఆడవాళ్లు ఇప్పటికీ వాగుకే వెళ్తారు. బోర్డు మోజు పక్కన పెట్టండి.

బోరింగు భాస్కర్:
నీళ్ల సంగతి నన్ను చెప్పనివ్వండి, నా బతుకే అది. మన దగ్గర ఊళ్లల్లో బోరింగు అంటామే, ఆ ఇండియా మార్క్ 2 పంపు ఆఫ్రికాలో కూడా చాలా చోట్ల ఉంది. కెన్యా వైపు ఎక్కువగా కనిపించేది ఆఫ్రిడెవ్. దాన్ని 1980ల్లో తయారుచేసిందే ఊరివాళ్లు సొంతంగా బాగు చేసుకోవాలని. ఒక్క స్పానర్‌తో తల విప్పొచ్చు. పైపులు మొత్తం పైకి లాగకుండానే రాడ్లు తీసి లోపలి సీలు మార్చొచ్చు. 45 మీటర్ల లోతు దాకా పనికొస్తుంది.

మరి ఎందుకు మూలనపడతాయి? సీలు అరిగిపోతుంది. ధర తక్కువే, కానీ అది దొరికే కొట్టు జిల్లా కేంద్రంలో ఉంటుంది. పంపు చూసుకునే ఊరి కమిటీ దగ్గర డబ్బు ఉండదు, లేదా ఉన్న డబ్బు ఎవరి దగ్గరుందో తేలదు. సహారా కింది ఆఫ్రికా మొత్తం మీద చూస్తే ప్రతి నాలుగు చేతి పంపుల్లో దాదాపు ఒకటి ఏ సమయంలో చూసినా పని చేయట్లేదు.

పనికొచ్చిన పద్ధతి కెన్యాలోనే ఉంది. క్వాలే, కిటూయి కౌంటీల్లో ఫుండిఫిక్స్ అని ఒక మరమ్మతు సంస్థ. ఫుండి అంటే స్వాహిలిలో మెకానిక్. ఊళ్లు నెలనెలా కొంత కడతాయి, పంపు చెడిపోతే వాళ్లొచ్చి బాగుచేస్తారు. వారాల తరబడి ఆగిపోయేవి మూడు రోజుల్లోపు మళ్లీ నీళ్లు పోస్తున్నాయి. చందాతోనే మొత్తం ఖర్చు గిట్టదు, పైనుంచి కొంత నిధి కావాల్సిందే. దాతలు ఇవ్వాల్సింది అదే, కానీ ఎవరూ ఇవ్వరు. మరమ్మతుకు రిబ్బన్ కత్తిరించడం ఉండదుగా.

కొత్త బోరు మాట మర్చిపోండి. పాత పంపు ఎందుకు ఆగిందో ముందు కనుక్కోండి. ఊట ఉందన్నారు. దాని కన్ను చుట్టూ రాళ్లు పేర్చి, సిమెంటు గోడ కట్టి, పైపు పెట్టి, పైన మురుగు రాకుండా కాలువ తవ్వితే చాలు. బుసియా వైపు ఇలా ఊటలను కాపాడిన చోట పిల్లల విరేచనాలు నాలుగో వంతు తగ్గాయని పద్ధతిగా చేసిన అధ్యయనం ఉంది. పక్కనే క్లోరిన్ డబ్బా పెట్టే అలవాటు కూడా ఆ ప్రాంతంలోనే మొదలైంది. 20 లీటర్ల జెర్రీకాన్ పట్టుకునే ముందు ఒకసారి మీట తిప్పితే సరిపడా మందు పడుతుంది. మనిషి ఇంటికి వెళ్లేలోపు కుదుపులకు కలిసిపోతుంది. డబ్బా పెట్టడం సులువే. అది ఖాళీ అయ్యేలోపు మళ్లీ నింపే మనిషి ఎవరో ముందు తేల్చుకోవాలి.

పుల్లవిరుపు:
పిల్లలు తిరగలిలా తిప్పి ఆడుకుంటే నీళ్లొచ్చే పంపు అని ఏదో ఉండేది కదా? టీవీలో చూశాను.

బోరింగు భాస్కర్:
ప్లేపంప్. అమెరికా ప్రభుత్వమూ, ఫౌండేషన్లూ కలిసి 2006లో 1.64 కోట్ల డాలర్లు ప్రకటించాయి. 2010కల్లా 4,000 పంపులు అన్నారు. మామూలు చేతి పంపు ధరకు దాదాపు నాలుగు రెట్లు. ప్రకటించినన్ని నీళ్లు రావాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని ఒక ఆంగ్ల పత్రిక లెక్క కట్టింది. పిల్లలు బడికెళ్లాక తిప్పింది పెద్ద వయసు ఆడవాళ్లు, నడుము వంచుకుని. మూడు నాలుగేళ్లలోనే ఆ పథకం చాప చుట్టేసింది.

నర్సమ్మ (గాబరోన్):
ఆరోగ్యం గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను. మీరు క్లినిక్ మాత్రం కట్టకండి. కెన్యాలో 2013 నుంచి ఊరి ఆరోగ్యం కౌంటీ ప్రభుత్వం చేతిలో ఉంది. నర్సు జీతం కౌంటీ ఇవ్వాలి, మందులు కెమ్సా అనే సర్కారు సంస్థ నుంచి రావాలి. వాళ్ల లెక్కలో లేని భవనానికి నర్సూ రాదు, మందులూ రావు. తాళం వేసిన క్లినిక్కులు చాలా చూశాను.

ఒకరోజు మెడికల్ క్యాంపు పెట్టి, బీపీ చూసి, బి-కాంప్లెక్స్ ఇచ్చి, అరటిపండు పంచి రావడం కూడా వద్దు. బీపీ ఉందని చెప్పి రేపటి మాత్ర ఎక్కడ దొరుకుతుందో చెప్పకపోతే ఆమెకు టెన్షన్ తప్ప ఒరిగేది ఏముంది?

అక్కడ మన ఆశా కార్యకర్తల్లాంటి వాళ్లున్నారు. కమ్యూనిటీ హెల్త్ ప్రమోటర్లు అంటారు. ఏళ్లపాటు జీతం లేకుండా తిరిగారు. 2023లో కెన్యా ప్రభుత్వం లక్ష మందికి కిట్లు ఇచ్చి భత్యం మొదలుపెట్టింది. ఆ ఊరి ప్రమోటరమ్మ ఎవరో కనుక్కోండి. ఆమె సంచి తెరిచి చూడండి. మలేరియా టెస్టు కిట్లు ఉన్నాయా, అయిపోయాయా? వానాకాలం బూట్లు ఉన్నాయా? సియాయా, హోమా బే, కిసుము అంతా మలేరియా సీమ. పిల్లల మలేరియా టీకాను 2019 సెప్టెంబరులో కెన్యా మొదలుపెట్టింది ఆ పడమటి జిల్లాల్లోనే. నాలుగు డోసులు. మొదటి మూడూ ఒకదాని వెంట ఒకటి పడతాయి. నాలుగోది చాలా నెలల తర్వాత, అప్పటికి తల్లులు మర్చిపోతారు. ఆ జాబితా పట్టుకుని గడప గడపకూ తిరగడానికి ఆమెకు సాయం చేస్తే అదే పెద్ద పని.

ఇంకో సంగతి. 2025 జనవరిలో అమెరికా సాయం ఆపేశాక ఆ వైపు హెచ్ఐవీ క్లినిక్కుల్లో చాలామంది సిబ్బంది పోయారు. మందులు వాడుతున్నవాళ్లు ఆ ఊళ్లో ఖచ్చితంగా ఉంటారు, మీకు చెప్పరు. అడగకండి కూడా. దారి ఖర్చుల సాయం అందరికీ పెట్టండి, అవసరమైనవాళ్లు వాడుకుంటారు.

కిసుములో తెలుగోడు:
అందరికీ థాంక్స్. ఆదివారం మళ్లీ వెళ్లాం. చీఫ్ బరాజా పెట్టించారు, మన రచ్చబండ లాంటిదే. మామిడిచెట్టు కింద మగవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో, ఆడవాళ్లు గడ్డి మీద కాళ్లు చాపుకుని. మగవాళ్లు రోడ్డు, కరెంటు అన్నారు. ఆడవాళ్లు ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత ఊట దగ్గర ఫిట్టర్ వాళ్ల అమ్మతో నిలబడితే అప్పుడు ఆ ఆడవాళ్లు గుక్క తిప్పుకోకుండా చెప్పారు, ఆయన అనువదించలేక చేతులెత్తేశాడు.

బడి హెడ్‌మాస్టర్‌ను గదుల గురించి అడిగాను. ఆయన నవ్వి, గదులు ఇస్తే వద్దనను గానీ అన్నారు. ప్రభుత్వం పంపిన టీచర్లు చాలక తల్లిదండ్రుల చందాతో పెట్టుకున్న టీచర్లున్నారట, బీఓఎం టీచర్లు అంటారు. ఇద్దరికి నెలల తరబడి జీతం బాకీ. ఇంకోటి మధ్యాహ్నం తిండి. న్యోయో, అంటే మొక్కజొన్న, చిక్కుడు గింజలు కలిపి ఉడికించింది. ఇంటి నుంచి గింజలు తెచ్చినవాళ్లకే గిన్నె. తేలేని పిల్లలు మధ్యాహ్నం ఇంటికి వెళ్తారు, తిరిగి రారు. మేం ఇంగ్లిష్ పుస్తకాల పెట్టె ఒకటి తీసుకెళ్లాం. ఆఫీసు గదిలో అలాంటివి ఇంకా నాలుగున్నాయి, టేపు కూడా తీయలేదు.

లెక్కల మాష్టారు:
ఆ పెట్టెల మీద కూడా అధ్యయనం ఉంది మరి! పక్కనున్న బుసియా, టేసో ప్రాంతాల బడుల్లోనే. ఉచితంగా పాఠ్యపుస్తకాలు ఇస్తే సగటు మార్కులు కదల్లేదు. ముందునుంచే బాగా చదివేవాళ్లకే లాభం. ఇంట్లో ఒక భాష, బయట స్వాహిలి, మూడోది ఇంగ్లిష్, పుస్తకం ఆ మూడోదాంట్లో. అదే బుసియాలో 1998లో ఒక సంస్థ 75 బడుల్లో పిల్లలకు నులిపురుగుల మాత్రలిస్తే గైర్హాజరు నాలుగో వంతు తగ్గింది. కారుచౌక మాత్ర. ఆ పని చేసినవాళ్లలో ఒకరైన మైఖేల్ క్రెమర్‌కు 2019లో నోబెల్ వచ్చింది. ఆ లెక్కల మీద తర్వాత పెద్ద వాదాలు నడిచాయి, అది వేరే కథ. ఆ పద్ధతే 2009లో మన ఆంధ్రప్రదేశ్ బడుల్లోకి వచ్చింది, 2015లో జాతీయ నులిపురుగుల దినంగా మొదలై తర్వాత దేశమంతా పాకింది. కొత్త తరం వాళ్లు బడిలో నమిలిన ఆల్బెండజోల్ మాత్రకు బుసియాతో చుట్టరికం ఉంది.

ఇంకో ప్రశ్న వేసుకోండి: అసలు డబ్బే చేతికిస్తే? గివ్‌డైరెక్ట్లీ సంస్థ సియాయాలో చేసింది అదే. 653 ఊళ్ల అధ్యయనంలో గడ్డి కప్పున్న సుమారు 10,500 ఇళ్లకు తలా వెయ్యి డాలర్లు, ఎం-పెసా అనే మొబైల్ డబ్బు సేవలో నేరుగా ఫోన్‌కే. ధరలు పెద్దగా పెరగలేదు, డబ్బు అందని పక్కింటివాళ్ల రాబడి కూడా పెరిగింది. ఇచ్చిన ఒక్కో డాలర్ ఆ చుట్టుపక్కల చేతులు మారి రెండున్నర డాలర్ల పని చేసింది. డబ్బు అందిన ఇళ్లల్లో ఏడాదిలోపు శిశువుల మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2025లో లెక్క తేల్చారు, అదీ డాక్టరున్న ఆసుపత్రి దగ్గర్లో ఉన్నచోట ఎక్కువగా. నిండు గర్భిణి పొలం పని మానేసి, మోటార్‌సైకిల్ ఎక్కి ఆసుపత్రికి పోగలిగిందంటే చేతిలో డబ్బుండబట్టే కదా.

టాంజానియా బాబాయ్:
పక్కనే హోమా బేలో అదే డబ్బును దాదాపు సగం మంది వద్దన్నారని కూడా చెప్పండి మాష్టారూ. ఊరికే ఎవడిస్తాడు, ఇది సైతాను సొమ్మని పుకారు లేచింది. నేనైనా అలాగే అనుకునేవాడినేమో.

సీతాఫలం:
నేను ఇందిరా క్రాంతి పథం రోజుల్లో మహబూబ్‌నగర్‌లో మహిళా సంఘాలతో పని చేశాను. తమ్ముడూ, ఆ ఊట దగ్గర మాట్లాడిన ఆడవాళ్లకు ముందే గ్రూపు ఉండి ఉంటుంది, అడిగి చూడు. కెన్యాలో చామా అంటారు, మన చీటీ. గివ్‌డైరెక్ట్లీ 12 ఏళ్లపాటు నెలకు సుమారు 22 డాలర్లు చొప్పున ఇస్తున్న ఊళ్లల్లో కూడా జనం ఆ చిన్న మొత్తాలను చీటీలు వేసుకుని పెద్ద మొత్తం చేసుకున్నారట.

ఆఫ్రికాలో బాగా పాతుకుపోయిన ఇంకో పద్ధతి 1991లో నైజర్‌లో కేర్ సంస్థ మొదలుపెట్టిన పొదుపు సంఘం. ఇనప పెట్టెకు మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో మనిషి ఇంట్లో. పాస్‌బుక్‌లో అంకెలుండవు, ఒక్కో వాటాకు ఒక్కో ముద్ర, చదువు రానివాళ్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఏడాది చివర వడ్డీతో సహా మొత్తం పంచేసుకుని మళ్లీ సున్నా నుంచి మొదలు. మన డ్వాక్రాకూ దానికీ తేడా ఇక్కడే ఉంది. మనం బ్యాంకు లింకేజీ కోసం సంఘం పెట్టాం, వాళ్ల దగ్గర బ్యాంకు మాటే లేదు. అప్పు పెద్దది రాదు, కానీ ఊరంతా అప్పుల్లో కూరుకుపోవడమూ ఉండదు. 2010లో మన దగ్గర మైక్రోఫైనాన్స్ ఏం చేసిందో తెలిసినవాళ్లం.

ఆ పెట్టెలో బయటి డబ్బు వేయకండి. బయటి డబ్బు పడ్డరోజే అది వాళ్ల పెట్టె కాకుండా పోతుంది. లెక్కలు నేర్పే మనిషికి ఏడాది ఖర్చు ఇవ్వండి, చాలు.

మట్టిమనిషి:
పొలాల్లో ఊదారంగు పూల కలుపు కనిపించిందా? మొక్కజొన్న వేరుకు అతుక్కుని రసం పీల్చేస్తుంది. స్ట్రైగా అంటారు, మన పొగాకు చేలల్లో పొగమల్లెకు చుట్టం. విక్టోరియా సరస్సు ఒడ్డున ఎంబిటాలో ఇసిపె అనే పురుగుల పరిశోధన సంస్థ కేంద్రం ఉంది. అక్కడ మన దేశపు శాస్త్రవేత్త జియావుర్ ఖాన్ బృందం దీనికి మందులేని విరుగుడు కనిపెట్టింది. మొక్కజొన్న వరసల మధ్య డెస్మోడియం తీగ, చేను చుట్టూ నేపియర్ గడ్డి. తీగ వాసనకు కాండం తొలిచే పురుగు తల్లి, అంటే రెక్కల పురుగు, పారిపోయి, గట్టు మీది గడ్డిలో గుడ్లు పెడుతుంది. తీగ వేళ్లు స్ట్రైగాను అణచేస్తాయి, నత్రజని కూడా ఇస్తాయి. ఆ రెండూ పశువుల మేతే. నాయనమ్మలు నడిపే ఇళ్లకు ఒక ఆవున్నా చాలు, పాలు వస్తాయి.

ఎరువు అప్పు కావాలంటే 2006లో బుంగోమాలో మొదలైన వన్ ఏకర్ ఫండ్ ఆ వైపు ఉంది. మీరు మళ్లీ కొత్తగా పెట్టక్కర్లేదు.

రూపాయి రామం:
హైదరాబాద్ నుంచి నేనూ కొంత వేస్తాను. 80జి వస్తుందా?

లెక్కల మాష్టారు:
విదేశీ సంస్థకు నేరుగా పంపితే రాదు. రిజర్వ్ బ్యాంకు ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపే వెసులుబాటు) కింద పంపుకోవచ్చు, పన్ను మినహాయింపు మాత్రం ఆశించొద్దు.

రూపాయి రామం:
అయితే కొంచెం తగ్గించి వేస్తాను.

కిసుములో తెలుగోడు:
మా వాళ్లతో నిన్న గట్టిగానే గొడవైంది. బోర్డు లేకపోతే చందా ఇవ్వనన్నవాళ్లు ఇద్దరు తప్పుకున్నారు. మిగిలినవాళ్లం ఒప్పుకున్నది: ముందు ఊట, తర్వాత పాత పంపు మరమ్మతు. బడిలో అందరికీ న్యోయో వండేందుకు పంట చేతికి రాకముందు నెలల్లో గింజలు. కౌంటీ ఆరోగ్య ఆఫీసుకు వెళ్లి ప్రమోటరమ్మ కిట్ గురించి మాట్లాడటం. సీతాఫలం అక్కా, మీరన్నట్టే చామా ఉంది, వాళ్లు మమ్మల్ని దాని జోలికి రావొద్దన్నారు, ట్రైనింగ్ అయితే సరే అన్నారు.

తేలనిది టీచర్ల జీతం. మేమిస్తే తల్లిదండ్రులు చందా ఆపేస్తారు, మేం పోయాక టీచరూ పోతుంది. ఇవ్వకపోతే ఈ టర్మ్‌లోనే పోతుంది.

అనంతపురం అబ్బాయి:
బాకీ తీర్చండి, ఇకపై మొత్తం మాత్రం మోయకండి. తల్లిదండ్రులు ఎంత వేస్తే మీరూ అంతే వేస్తామని చెప్పండి. గట్టి హామీ రెండేళ్లకే ఇవ్వండి, అంతకు మించి నోటిమాట కూడా వద్దు.

సీతాఫలం:
గింజలు లేని నాయనమ్మల దగ్గర చందా ఎక్కడిది? కట్టెలు తేవడం, వండటం కూడా చందా కిందే లెక్కేయమను తమ్ముడూ.

బోరింగు భాస్కర్:
తమ్ముడూ, పంపు దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావు? తల మూత తీసి లోపలి ఫోటో ఒకటి, పైన రాడ్డు ఫోటో ఒకటి పెట్టు. పంపు ఆగకముందు నీళ్లు ఎర్రగా, ఇనప వాసనతో వచ్చేవా అని ఆ ఆడవాళ్లనే అడుగు, మగవాళ్లకు తెలియదు. అలా వచ్చేవంటే లోపల రాడ్లో పైపులో తుప్పు పట్టి ఉండొచ్చు, అప్పుడు సీలు మారిస్తే సరిపోదు. కిసుములో హార్డ్‌వేర్ కొట్లలో స్టెయిన్‌లెస్ రాడ్ల ధర కూడా కనుక్కో.